విప్పిన కుట్లు

జూన్ 27

చెల్లికి,

నీ ఉత్తరం చేరింది. రెండు వందల మంది కూలీలకు వంటంటే మాటలు కాదు, నడుం జాగ్రత్త. కొండ మీద ఫోను పలక్కపోతే పోనీ. వారానికోసారి సామాన్ల లారీ వస్తోంది కదా, ఉత్తరానికి అది చాలు.

పిచిక బాగుంది. బడి తెరిచి మూడు వారాలైంది. కొత్త బడి, ఏడో తరగతి, నాలుగు రోజులు బెరుగ్గా ఉంటుందేమో అనుకున్నాను. అప్పుడే ఆటల్లో పడ్డట్టుంది. పోయిన బుధవారం స్కర్టు అంచు చింపుకొచ్చింది, బల్ల మేకుకి తగులుకుందట. ఈ బుధవారం చొక్కా చెయ్యి. నేనేమీ అనలేదు. అన్నం తినే లోపే మడిచి కుట్టి, ఇస్త్రీ చేసి తగిలించాను. "ఎక్కడ చిరిగిందో నాకే కనపడటం లేదు పెద్దమ్మా" అంది. ముప్పై ఏళ్ళు మిషన్ తొక్కిన మనిషికి అంతకంటే మెప్పు ఏం కావాలి.

మాటలు మాత్రం తగ్గాయి. పిచిక అని మనం పేరు పెట్టుకున్నదే దాని నోరు చూసి. వయసు వస్తోంది కదా అనుకుంటున్నాను.

ఎదురింటావిడ కొలతలివ్వడానికి వచ్చి "పోయినేటివే రాసుకో, నేనేమీ మారలేదు" అంది. టేపు మాత్రం వేరే మాట చెప్పింది. ఆవిడ మాటే రాసుకుని, టేపు మాట కుట్టాను.

రోజూ నీ పేరు దేవుడికి చెబుతూనే ఉన్నాను.

అక్క


జూలై 5

అక్కా,

ఆవిడ కొలతలు చదివి వంటింట్లో ఒక్కదాన్నే నవ్వాను. గిన్నెలు కడిగే ఆమె నన్ను వింతగా చూసింది.

కానీ పిచిక సంగతికి ఒళ్ళు మండింది. వారానికో జత చింపుకుని రావడమేంటి? బట్టలు చెట్టుకి కాస్తున్నాయా? నువ్వు దాన్ని గారం చేసి నెత్తికెక్కించుకుంటావని నాకు ముందే తెలుసు. అది చింపడం, నువ్వు కుట్టడం, రేపు మళ్ళీ చింపడం. ఇందులో దానికో చీటీ పెట్టాను, ఇవ్వు. అందులో ఇలా రాశాను: "మీ పెద్దమ్మ కళ్ళు పోగొట్టుకుని కుడుతుంటే నువ్వు చింపుకొస్తావా? ఇంకోసారి చిరిగితే ఆ చిరుగుతోనే బడికి పో. నలుగురూ చూసి నవ్వితే అప్పుడు తెలుస్తుంది."

చదువుకోవడానికి పంపాం, కుస్తీ పట్టడానికి కాదు. నేను ఇక్కడ పొయ్యిల ముందు మాడుతున్నది దాని చదువు కోసమే. అది పదో తరగతి గడప దాటాలి అక్కా. నేను దాటలేదు. అది దాటాలి.

కోపంగా రాశానని అనుకోకు. కోపంగానే రాశాను.

నీ చెల్లి


జూలై 12

చెల్లికి,

చీటీ ఇచ్చాను. నిలబడే చదివింది. ఎనిమిది మడతలు పెట్టి జామెట్రీ బాక్సులో దాచుకుంది. ఆ పూట అన్నం సగమే తింది.

ఈ బుధవారం కాలరు. మెడ వెనకవైపు.

ఈసారి కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. ఇంతకుముందు చూడలేదు, అది నా తప్పు. చిరుగు చేతికి తగిలితే చెయ్యి దానంతటదే అంచు లోపలికి మడిచేస్తుంది. మేకుకి చిరిగితే దారాలు వేలాడతాయి. దీనికి దారాలు లేవు. అంచు అలలు అలలుగా ఉంది. క్రాఫ్టు పీరియడులో రంగు కాగితాలు కత్తిరించే వంకర కత్తెర ఉంటుందే, దానితో కోసినట్టు. అడిగితే "నేనే, పొరపాటున" అంది. మెడ వెనక పొరపాటున ఎలా కోసుకుంటావే అనబోయి ఊరుకున్నాను. రెట్టించి అడిగితే అబద్ధం చెప్పించినట్టవుతుంది.

కాలరు కుట్టేశాను. బాగా వచ్చింది.

దేవుడి ముందు కూర్చుంటే మనసు నిలవలేదు. నువ్వు కంగారుపడకు.

అక్క


జూలై 19

అక్కా,

కంగారుపడకు అని రాస్తే ఎవరు పడకుండా ఉంటారు?

నాకు అర్థమైంది. అది తనే కోసుకుంటోంది. నా మీద కోపం. నేను దాన్ని వదిలి ఈ కొండెక్కానని. లారీ ఎక్కిన రోజు అది ఏడవలేదు, నీకు గుర్తుందా? కళ్ళు ఎర్రగా చేసుకుని చూస్తూ నిలబడింది. ఆ కోపమే ఇది. నన్ను కోయలేక బట్టలు కోస్తోంది. ఇవాళ బట్టలు, రేపు ఇంకేమిటి?

కత్తెరలన్నీ దాచెయ్. దుకాణంలోకి రానివ్వకు. బ్లేడు కూడా అందనివ్వకు. నువ్వు మెత్తగా చెప్తే వినదు, గట్టిగా చెప్పు.

నిన్న పప్పు అడుగంటింది. మేస్త్రీ "ఏమ్మా, ఇవాళ పొగ కూడా వడ్డించావా" అన్నాడు. "తింటే తిను, లేకపోతే పో" అన్నాను. పాపం, మంచివాడే.

దాన్ని చూసుకో.

నీ చెల్లి


జూలై 25

చెల్లికి,

నీ మాట ప్రకారం కత్తెరలు పై అరలో పెట్టి తాళం వేశాను. పిచిక చూసింది. అవి దాచకుండా ఉండాల్సింది. ఎందుకో రాస్తాను.

నిన్న నాలుగో తరగతి పాప ఒకతె యూనిఫాం కొలతలకి వచ్చింది, వాళ్ళమ్మతో. చేతులు చాపి నిలబడి నన్నే చూస్తోంది. తరవాత అడిగింది, "అతుకు వాళ్ళ పెద్దమ్మ మీరేనా?"

"అతుకు ఎవరమ్మా?"

"ఏడో క్లాసు అతుకు. మా బస్సే. చిరిగితే మీరు కుట్టేస్తారంట కదా, తెల్లారేసరికి. పెద్దక్కలు పందెం వేసుకుంటారు. ఈసారి కుట్టలేని చోట కోద్దాం అని."

వాళ్ళమ్మ "ఊరుకోవే" అంది. టేపు నా చేతిలోనే ఉండిపోయింది. కొలత ఎంతో మళ్ళీ తీయాల్సి వచ్చింది.

సాయంత్రం పిచికని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ముగ్గురు. దాని వెనక బల్ల వాళ్ళు. బుధవారం క్రాఫ్టు పీరియడు, ఆ రోజే కత్తెరలు చేతికొస్తాయి. టీచరు పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంటుందట. మొదటి వారం స్కర్టు కోస్తే మర్నాడు మామూలుగా వేసుకెళ్ళింది. వాళ్ళకి అది తమాషా అయింది. అక్కడి నుంచి ఆట. "మీ పెద్దమ్మ పని చూద్దాం" అని కోస్తారట. బస్సులో పక్కన ఎవరూ కూర్చోరు. అతుకు అంటుకుంటుందట.

"నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"నీకు తెలుసనుకున్నా పెద్దమ్మా. అంచు చూస్తావు కదా. తెలిసే కుడుతున్నావు, అంటే చెప్పకుండా వేసుకుని వెళ్ళాలేమో అనుకున్నా."

చెల్లీ, ఇంకేం రాయను.

ఇవాళ బడికెళ్ళి క్లాసు టీచరుని కలిశాను. "చిన్నపిల్లలండీ, సరదాకి చేస్తారు. మీ పాప కూడా కొంచెం ముభావం. కలుపుగోలుగా ఉండమనండి. రెండు చేతులు కలిస్తేనే కదా చప్పుడు" అంది. సరేనని వచ్చాను. పిచికకి కొన్నాళ్ళు ఓర్చుకోమని చెప్పాను. మనం పట్టించుకోకపోతే వాళ్ళే విసుగొచ్చి మానేస్తారు. ప్రార్థన చేస్తున్నాను.

అక్క


ఆగస్టు 1

అక్కా,

నీ ఉత్తరం పొయ్యిలో వేశాను. వేసేలోపు నాలుగుసార్లు చదివాను.

ఓర్చుకోమన్నావా? వాళ్ళే విసుగొచ్చి మానేస్తారా? ఈ మాట నేను ఎక్కడ విన్నానో నీకు గుర్తులేదు. నాకుంది. నాకు పదకొండేళ్ళు. నాకు నత్తి. రోజూ మధ్యాహ్నం బడి మెట్ల మీద నన్ను నిలబెట్టి "ప్రార్థన" అని పలకమనేవాళ్ళు. ప్ర ప్ర ప్ర అంటుంటే చుట్టూ తాళం వేసేవాళ్ళు. నేను ఇంటికొచ్చి నీ మిషన్ పక్కన నిలబడి ఏడ్చాను. నువ్వు మిషన్ ఆపలేదు అక్కా. తల కూడా ఎత్తలేదు. "నవ్వేసి ఊరుకో, వాళ్ళే విసుగొచ్చి మానేస్తారు" అన్నావు. వాళ్ళకి విసుగు రాలేదు. నాలుగేళ్ళు రాలేదు. చివరికి నాకే వచ్చింది. తొమ్మిదిలో పుస్తకాలు కట్టకట్టి అటక మీద పడేశాను.

నువ్వు వచ్చినవాళ్ళందరికీ ఏం చెప్పావు? "మా చెల్లికి చదువు మీద మనసు లేదు." ఇప్పటికీ అదే చెబుతున్నావు. నాకు లెక్కల్లో తొంభై వచ్చేవి. ఇవాళ రెండు వందల మందికి ఎసట్లో ఎన్ని బియ్యం పడాలో కాగితం లేకుండా చెప్పగలను. ఆ లెక్కలు అక్కడే ఆగిపోయాయి.

అమ్మ పోయాక నువ్వే అమ్మవి. అందుకే ఎప్పుడూ ఏమీ అనలేదు. ఇప్పుడు అంటున్నాను. వాళ్ళు కోశారు, నువ్వు కుట్టి పంపావు, వాళ్ళు మళ్ళీ కోశారు. ఆ ఆటలో నువ్వు నాలుగోదానివి. నేను ఐదోదాన్ని. "నలుగురూ నవ్వితే తెలుస్తుంది" అని నా చేత్తో రాసి పంపాను. ఆ చీటీ ఇంకా దాని బాక్సులోనే ఉందా? తీసి చించెయ్. కాదు, దాని చేత చింపించు.

దేవుడు బడికి వెళ్ళడు అక్కా. నువ్వు వెళ్ళాలి.

చెల్లి


ఆగస్టు 8

చెల్లికి,

ఉత్తరం అందింది. పిచిక మూడు రోజులుగా బడికి పోవడం లేదు. కడుపునొప్పి అంటోంది.

నీకు జవాబు తరవాత రాస్తాను. పని ఉంది.

అక్క


ఆగస్టు 14

అక్కా,

మూడు ముక్కలు. అలిగావని అర్థమైంది. అలిగితే అలుగు. ఇన్నేళ్ళకి నేనొక నిజం అంటే నీకు పని గుర్తొచ్చింది. ఏం పని? ఎవరి పెళ్ళి బట్టలు?

నేనిక్కడ సెలవు అడిగాను. ఇవ్వకపోతే మానేసి వస్తాను. వచ్చే వారం లారీలో దిగుతాను. పిచికని ఆ బడి మాన్పించి నాతో తెచ్చుకుంటాను. ఇక్కడ బడి లేదు, తెలుసు. పోనీ. నా పక్కన కూరగాయలు తరుగుతుంది. కనీసం దాన్ని ఎవరూ కోయరు.

బట్టలు అప్పుడే మూట కట్టేశాను.

చెల్లి


ఆగస్టు 21

చెల్లికి,

అలగలేదు. నీ ఉత్తరానికి మాటలతో జవాబు చెప్పే అర్హత నాకు లేదనిపించింది. అందుకే పని ఉందని రాశాను. ఆ పని ఇది.

నీ ఉత్తరం వచ్చిన రోజు ప్రార్థనకి కూర్చున్నాను. ఎప్పుడూ శాంతి అడుగుతాను. ఆ రోజు అడగలేదు. నాకు కోపం వచ్చిందని చెప్పాను, అది చల్లారకముందే బడికి చేర్చమని అడిగాను. ఇన్నేళ్ళలో నేను చేసిన ప్రార్థనల్లో అది ఒక్కటే సూటిగా ఉంది.

తరవాత పై అర తాళం తీసి కత్తెరలు కింద పెట్టాను. పిచికని పిలిచాను. నేను కుట్టిన ఐదు బట్టలూ, నీకు రాయని రెండూ కలిపి, బల్ల మీద పరిచాను. రెండు స్కర్టులు, మూడు చొక్కాలు.

"ఇవి విప్పనా?" అని దాన్నే అడిగాను.

"విప్పితే మళ్ళీ కనపడతాయి కదా పెద్దమ్మా."

"కనపడాలి."

"మరి అందరికీ తెలిసిపోతుంది" అంది. "తెలియాల్సింది వాళ్ళ సంగతి, నీది కాదు. నువ్వు వద్దంటే మాత్రం విప్పను" అన్నాను. అప్పుడు తనే కుట్లు విప్పే సూది అందుకుంది. మొదటి స్కర్టు అదే విప్పింది. మడత తీయగానే ఆ అలల అంచు బయటపడింది. అన్నిట్లోనూ అదే అంచు. దాన్ని లోపలికి మడిచి, పైన ఇస్త్రీ చేసి, నెలన్నర దాచింది నా చేతులే.

విప్పుతూ చెప్పింది, చెల్లీ. అడగకుండానే. ఏ రోజు ఎవరు పట్టుకున్నారు, ఎవరు కోశారు, ఏమన్నారు. ఒక్కో కుట్టుకి ఒక్కో మాట. నేను మిషన్ మీద గుడ్డ కప్పేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నాను. చివరి చొక్కా విప్పేసరికి చుట్టూ దారప్పోగులే. నేను చెప్పినట్టు తేదీలు చీటీల మీద రాసి ఒక్కోదానికి గుండుసూదితో గుచ్చింది. అన్నీ బుధవారాలే.

నీ చీటీ కూడా తీసింది. చింపమన్నావని చెప్పాను. "అమ్మకి తెలియక రాసింది కదా, ఉంచుకుంటా" అంది. నీ మీద దానికి కోపం లేదు. ఇది నీకు తెలియాలి.

మర్నాడు ప్రధానోపాధ్యాయురాలి గదికి వెళ్ళాం. ఆ గదిలో ఒక బల్ల, గాజు తలుపుల అలమారలో ఆటల్లో గెలిచిన కప్పులు, గోడకి నేనే కుట్టిచ్చిన తెర. క్లాసు టీచరు, క్రాఫ్టు టీచరు, ఆ ముగ్గురిలో పెద్దదాని తల్లి. మిగతా ఇద్దరి ఇళ్ళ నుంచి ఎవరూ రాలేదు.

ఐదూ బల్ల మీద పరిచాను.

"ఒక గుడ్డముక్కకి ఇంత రాద్ధాంతమా? కొత్త జత కొనిస్తాం, పోనీ రెండు జతలు" అంది ఆ తల్లి.

"బట్టలు కుట్టుకోవడం నాకు వచ్చమ్మా" అన్నాను. "మీ అమ్మాయి యూనిఫాం కూడా నేనే కుట్టాను. ఒక్కసారి కూడా చిరిగి రాలేదు. ఈ పిల్లవి ఐదు బుధవారాలు, ఐదు చోట్ల. ఇది కాలరు. మెడకి ఎంత దగ్గరో మీరే చూడండి."

ఆవిడ చూడలేదు. క్రాఫ్టు టీచరు చూసింది. అంచు మీద వేలు పెట్టి, తీసేసింది. ఆ కత్తెరలు ఎక్కడుంటాయని అడిగాను. "నా బీరువాలో" అంది. "తాళం?" "నా దగ్గరే." ఆ తరవాత ఆమె తల ఎత్తలేదు.

క్లాసు టీచరు మళ్ళీ రెండు చేతుల సంగతి మొదలుపెట్టింది. "మీరు చెప్పిన రెండో చెయ్యి ఏదండీ?" అన్నాను. "ఈ పిల్ల చేతులు రెండూ వాళ్ళు పట్టుకుంటేనే కదా మెడ వెనక కోయగలిగింది."

"కొంచెం నెమ్మదిగా మాట్లాడండి" అంది ప్రధానోపాధ్యాయురాలు.

"ఇంతకన్నా నెమ్మది నాకు చేతకాదండీ."

నా గొంతు పెరగలేదు చెల్లీ. కానీ చెవుల్లో మిషన్ తొక్కుతున్నట్టు చప్పుడు. కోపం అంటే ఇలా ఉంటుందని యాభై నాలుగేళ్ళకి తెలిసింది.

ఆ పిల్లల్ని వెళ్ళగొట్టమని అడగలేదు. పన్నెండేళ్ళవాళ్ళు. కోస్తుంటే ఆపాల్సిన టీచరు అదే గదిలో కూర్చుని ఉంది. జరిగిందంతా బడి పుస్తకంలో తేదీలతో రాయమన్నాను. కత్తెరలు ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ టీచరు ఎదురుగా నిలబడాలన్నాను. బస్సులో ఒక పెద్దమనిషి ఉండాలన్నాను. అతుకు అన్న పేరు క్లాసు ముందు పెట్టారు కాబట్టి, తప్పు కూడా క్లాసు ముందే ఒప్పుకోవాలన్నాను. వారానికోసారి ఎవరో ఒకరు పిచికని విడిగా పిలిచి ఎలా ఉన్నావని అడగాలన్నాను. ఎవరు పిలవాలో పిచికే చెప్పింది, లైబ్రరీ టీచరు అని.

ప్రధానోపాధ్యాయురాలు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "వచ్చే ఏడు యూనిఫాంలు కూడా మీరే కదా కుట్టేది" అంది. బెదిరింపో, బుజ్జగింపో తెలియలేదు. "అది మీ ఇష్టం" అన్నాను. "ఇవి మాత్రం నేను కుట్టను. ఈ ఐదూ మీ గాజు అలమారలో ఉండనివ్వండి, కప్పుల పక్కన. అన్నీ సరిగా జరిగాక మా పిల్ల వచ్చి తీసుకుంటుంది."

అక్కడే ఉన్నాయి.

అంతా చక్కబడిందని రాయను. ముగ్గురిలో ఇద్దరు క్లాసు ముందు ఒప్పుకున్నారు. పెద్దది సెలవు పెట్టింది, తిరిగొచ్చినరోజు ఒప్పుకోక తప్పదని చెప్పారట. మొన్న బస్సులో మళ్ళీ ఎవరో ఆ పేరుతో పిలిచారు. పిచిక ఆ పూటే లైబ్రరీ టీచరుకి చెప్పింది. ఇంటికొచ్చి నాకూ చెప్పింది. సాయంత్రం అన్నం తింటూ టీచర్లందరినీ నడకతో సహా అనుకరించి చూపించింది. క్రాఫ్టు టీచరు నడక దగ్గర నాకు నవ్వు రాలేదు. మిగతావాటికి వచ్చింది.

ఇక నీ సంగతి.

నాకు గుర్తుంది. గుర్తులేదని నువ్వు రాశావు, అది ఒక్కటే తప్పు. ఆ రోజు కుడుతున్నది ఆకుపచ్చ గౌను. నువ్వు వచ్చి నిలబడ్డావు. తల ఎత్తితే నీతో బడికి రావాల్సి వస్తుంది. ఆ పంతుళ్ళ ముందు నిలబడి మాట్లాడటం నాకు భయం. ఓర్పు అన్నాను గానీ అది భయం. దానికి దేవుడి పేరు పెట్టుకున్నాను. ఆ తరవాత నీకు చదువు మీద మనసు లేదని అందరికీ చెప్పి, పైన ఇస్త్రీ కూడా చేశాను.

నిన్న ఎదురింటావిడ వచ్చి, "మీ చెల్లి చదువుకుని ఉంటే ఇంత దూరం వంటకి పోయేది కాదు కదా, పాపం, మనసు లేకపోయె" అంది. "దానికి లెక్కల్లో తొంభై వచ్చేవి" అన్నాను. "బడిలో ఏడిపిస్తే నేను వెళ్ళి అడగలేదు. అందుకని మానేసింది. తప్పు నాది." ఆవిడ కొలతలు ఇవ్వకుండానే వెళ్ళిపోయింది. ఇంకా చాలామందికి చెప్పాలి. ఒక్కొక్కరికీ చెబుతాను.

నువ్వు రా. పిచికని తీసుకుపోవడానికి మాత్రం రాకు. అది కూరగాయలు తరగదు, పదో తరగతి గడప దాటుతుంది. బుధవారానికి దిగేలా చూసుకో. మూడింటికి క్రాఫ్టు పీరియడు అయిపోతుంది. నేను దుకాణం మూసి వస్తాను. బడి గేటు దగ్గర ఇద్దరం నిలబడదాం, లోపల్నుంచి వచ్చే ప్రతి ఒక్కరికీ కనపడేట్టు.

అక్క